మూడు మాట్లు పైకే వచ్చింది, ఈ మాటు కిందికేనా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. సంభావ్యత పాఠం వచ్చిందంటే ముందు సూత్రం రాయను, బల్ల మీద పేక పెడతాను. జోకర్లు తీసేసిన 52 ముక్కలు. ఒకటి తిప్పి చూపిస్తాను. తర్వాతది దానికంటే పెద్దదా చిన్నదా చెప్పాలి, అంతే ఆట. మా పిల్లలు దీన్ని ‘పైనా కిందా’ అంటారు. పందెం చింతపిక్కలు.

ఏటా ఎవరో ఒక తల్లి గుమ్మం దగ్గర నిలబడుతుంది. “మాస్టారూ, మా గుంటడికి పేకాట నేర్పుతున్నారటండీ?” అని. కోపం కాదది, భయం. ఇంట్లో ఎవరో ఒకరు పేకకి పొలం పోగొట్టుకున్న కథ లేని వీధి ఈ చుట్టుపక్కల ఎక్కడుందని? కూర్చోబెట్టి ఆవిడ చేత కూడా నాలుగు చేతులు ఆడిస్తాను. భయం పూర్తిగా పోదు గానీ, పిల్లాడు లెక్కే నేర్చుకుంటున్నాడని నమ్ముతుంది. నాకు విసుగు పుట్టించేవాళ్లు వేరే ఉన్నారు. టీకొట్టు దగ్గర నిలబడి “పేకకి ఓ వరస ఉంటాదిరా, కనిపెట్టినోడు రాజు” అని పక్కవాడికి ఎక్కించేవాళ్లు.

ఆ మాట ఎంత ఖరీదో ఈ ఏడు మరోసారి చూశాను. నా దగ్గర చదివి వెళ్లిన కుర్రాడొకడు సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తున్నాడు. ఓ రాత్రి వచ్చి అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పాడు. ఫోన్‌లో ఇదే ఆట, డబ్బుతో. “మూడు మాట్లు పైకే వచ్చింది కద మాస్టారూ, ఇంక కిందికి రావాల్సిందే గదా అనుకున్నాను.” 50తో మొదలుపెట్టాడు. పోతే 100, మళ్లీ పోతే 200, అలా రెట్టిస్తూ పోయాడు. ఏడుసార్లు వరసగా పోయింది. మొత్తం 6,350 రూపాయలు. గెలిచి ఉంటే చేతికి మిగిలేది? ఆ మొదటి 50.

అపోహ ఇదే: వరసగా ఒకవైపు వచ్చిందంటే రెండోవైపు బాకీ పడింది.

అదే రాత్రి పేక తీసి అతని ముందు నాలుగు ముక్కలు పరిచాను. ఆసు, రెండు, మూడు, నాలుగు. ఆసు అన్నిటికన్నా చిన్నదని మా లెక్క. మూడుసార్లు పైకి వచ్చింది. ఇప్పుడేం చెబుతావురా అన్నాను. అలవాటు కొద్దీ “కిందికి” అనేశాడు. సరే, లెక్కపెట్టు. చేతిలో మిగిలినవి 48. అందులో నాలుగు కంటే పెద్దవి 36, చిన్నవి 9, సమానమైనవి 3. పైకి 36 దారులున్నాయి, కిందికి 9. ‘బాకీ’ని నమ్మినవాడు ఆ 9 వైపు నిలబడ్డాడు.

కొంతమంది ఇక్కడే అడ్డుపడతారు. “2, 5, 9, జాకీ వచ్చాయనుకోండి, అప్పుడు కిందికే గదా?” నిజమే, అక్కడ కిందికే చెప్పాలి. చిన్నవి 37, పెద్దవి 8. కానీ జాకీ పెద్ద ముక్క కాబట్టి. దానికి ముందు మూడుసార్లు ఎక్కినా, మూడుసార్లు దిగినా, ఎదురుగా ఉన్నది జాకీయే. జవాబు కుదిరింది, కారణం తప్పు. ఇలా తప్పుడు కారణంతో నాలుగుసార్లు గెలిచాక మనిషిని మళ్లించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మరి పేకకి అసలు జ్ఞాపకమే లేదా? ఉంది, ఒక విధంగా. తిప్పిన ముక్కలు తిరిగి కలపకుండా పక్కన పెడుతుంటే, ఏవి వెళ్లిపోయాయో ఏవి మిగిలాయో లెక్కలోకి వస్తాయి. ఆట మొదట్లో ఎనిమిది పడితే చిన్నవి 28, పెద్దవి 20. కిందికే చెప్పాలి. అదే ఎనిమిది కాస్త ఆలస్యంగా పడి, అప్పటికే చిన్న ముక్కలు 12 బయటికొచ్చేసి పెద్దవేవీ రాలేదనుకోండి. చిన్నవి 16కి దిగాయి, పెద్దవి 20 అలాగే ఉన్నాయి. ఇప్పుడు పైకి చెప్పాలి. గుర్తుపెట్టుకోవాల్సింది వెళ్లిన ముక్కల్ని. ఎక్కడం దిగడం చరిత్రని కాదు. ప్రతి చేతికీ పేకంతా కొత్తగా కలిపే ఆటలో ఈ కాస్త జ్ఞాపకమూ ఉండదు.

ఇది నాకు నేర్పింది పాఠ్యపుస్తకం కాదు, మా మేనమామ. కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పౌర్ణమి రాత్రి మా వైపు ఒడియా, తెలుగు తేడా లేకుండా అరుగుల మీద పేక పడుతుంది. ఆ రాత్రి నా దోసెడు చింతపిక్కలూ ఆయన ఒళ్లోకి వెళ్లిపోయాయి. నేనేమో “ఈసారి కిందికే, ఈసారి కిందికే” అని అరుస్తున్నాను. ఆయన పరిచిన ముక్కల్ని ఓసారి కళ్లతో తడిమి, రాజో రెండో పడ్డప్పుడే గుప్పెడు పెట్టేవాడు. ఏడు పడితే ఒక్క పిక్క పెట్టి చుట్ట వెలిగించుకునేవాడు. నేను ఏడుస్తుంటే నవ్వాడు గానీ పిక్కలు మాత్రం తిరిగివ్వలేదు.

ఏడు దగ్గర ఎందుకలా? అది నట్టనడి ముక్క. పైన 24, కింద 24, సమానమైనవి 3. సమానం పడితే ఓడినట్టే అని పెట్టుకుంటే, ఏది చెప్పినా గెలిచే దారులు 24, ఓడేవి 27. రూపాయికి రూపాయి ఇస్తామన్నవాడి దగ్గర ఏడు మీద వంద పెడితే సగటున 5 రూపాయల 88 పైసలు పోతాయి. ఆడించేవాడి బతుకంతా ఆ మూడు ముక్కల మీదే. అందుకే ఇంట్లో ఆడినా సమానం సంగతీ, ఆసు పెద్దదా చిన్నదా అన్నదీ ముందే తేల్చుకోండి. లేకపోతే పున్నమి రాత్రి తగువు ఖాయం.

రెట్టించడం గురించి ఒక్కమాట. ఆ ఏడు ముక్క మీదే ఆడితే ఆరుసార్లు వరసగా పోయే అవకాశం సుమారు 45లో ఒకటి. చిన్నదే అనిపిస్తుంది. కానీ 50తో మొదలెట్టిన పరుగు ఒక్కోటి గెలిస్తే వచ్చేది 50, ఆరూ పోతే పోయేది 3,150. రోజూ ఆడేవాడికి ఆ ఒకటి ఎంతో దూరంలో ఉండదు.

మిగతావి గబగబా. “చెయ్యి మంచిది” అన్నదానికి లెక్కలో చోటు లేదు. ఎటు ముక్కలు ఎక్కువున్నాయో చూసి ఆ వైపే చెబుతూ పోతే గెలుపు సగటున 72 శాతం. అయినా ప్రతిసారీ పేక కలిపి కొత్తగా ఆడితే ఐదు చేతులు వరసగా నెగ్గేది ఐదింట ఒకసారే. “రెండుసార్లు కలిపితే చాలు” అన్నది కూడా నిజం కాదు. పేకని రెండు భాగాలు చేసి అంచులు ఒకదాంట్లో ఒకటి దూరేలా కలిపే పద్ధతిలో ఏడుసార్లన్నా కావాలని బేయర్, డయాకోనిస్ అనే లెక్కల పండితులు 1992లో లెక్కగట్టి చూపించారు. మనం చేతిలో పైపైన జార్చే కలపడానికి అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది. “నైపుణ్యం ఆట గదా, డబ్బు పెట్టొచ్చు” అంటారా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నైపుణ్యమైనా అదృష్టమైనా సరే నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. ఆ కుర్రాడికీ ముందు చెప్పింది ఈ మాటే. లెక్క ఆ తర్వాత.

మొన్న వెనకబెంచీ పిల్లొకతి అడిగింది: “మాస్టారూ, మా తాత దగ్గర గుండ్రటి గంజపా ముక్కలున్నాయి, వాటితో ఆడితే?” మంచి ప్రశ్న. గంజపా అంటే ఒడిశా పాతకాలపు పేక. ఎనిమిది రంగులు, రంగుకి 12, మొత్తం 96 ముక్కలు. మెట్లు 12 కాబట్టి నట్టనడి ముక్కే ఉండదు. అన్ని రంగులకీ వరస ఒకటే అనుకుని ఆరో మెట్టు పడితే పైన 48, కింద 40, సమానం 7. మిగతా పదకొండు మెట్లకీ కట్టుకుని రమ్మన్నాను. రెండు వారాలైంది, తాతా మనవరాలూ ఇంకా ఆడుతూనే ఉన్నారట.