జట్టు మారే రైడర్లు: ఫోన్లలో వినే అపోహలు, కాంట్రాక్టుల్లో కనిపించే వాస్తవాలు

2025 ఆగస్టులో గుంటూరు నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ ఎవెన్‌పూల్‌ని రెడ్ బుల్ వాళ్లు ఎంతకు కొన్నార్రా?" అని అడిగాడు. ఎవెన్‌పూల్ బెల్జియం సైక్లిస్టు, రెడ్ బుల్ అతను మారుతున్న సైక్లింగ్ జట్టు. జులైలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు జరిగే మూడు వారాలూ సాయంత్రం నడకకు కూడా వెళ్లకుండా చూస్తాడు బాబాయి. నేను బెల్జియంలోని గెంట్‌లో, రైడర్ల తరఫున కాంట్రాక్టు వ్యవహారాలు చూసే ఒక చిన్న ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. అయినా ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. "కొన్నారు" అన్న మాట దగ్గరే చిక్కుంది. ఆ రోజు ఫోన్‌లో సగంలో ఆగిపోయినవి, మిగతావాళ్లు తరచూ అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఐపీఎల్ వేలంలాగే జట్లు రైడర్లను కొంటాయి, అమ్ముతాయి.

ఇక్కడ వేలం అనేదే లేదు. 2023 డిసెంబరులో పాట్ కమిన్స్‌ను సన్‌రైజర్స్ 20.50 కోట్లకు తీసుకున్నప్పుడు ఆ అంకె అందరి కళ్లముందే, వేలం గదిలో తేలింది. ఫుట్‌బాల్‌లో అయితే ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు డబ్బు కడుతుంది. రోడ్డు సైక్లింగ్‌లో ఈ రెండు పద్ధతులూ లేవు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ తయారుచేసిన నమూనా కాంట్రాక్టు ఒకటుంది, పెద్ద జట్లన్నీ దాన్నే వాడాలి. గడువు ముగిశాక రైడర్ ఏ జట్టుతోనైనా సంతకం చేసుకోవచ్చని, బదిలీకి సొమ్ము చెల్లించే పద్ధతులన్నీ నిషిద్ధమని అందులో స్పష్టంగా ఉంటుంది. కాంట్రాక్టులు డిసెంబరు 31తో ముగుస్తాయి. మర్నాడు ఉదయం రైడర్ కొత్త జెర్సీ వేసుకుని రోడ్డెక్కుతాడు. పదేళ్లు పెంచి పెద్దచేసిన పాత జట్టుకు ఒక్క యూరో రాదు.

కుర్రాళ్లను తీర్చిదిద్దే చిన్న జట్లకు ఇది అన్యాయమే. ఆ మాట నేను దాచను. అయినా రైడర్ వైపు నుంచి చూస్తే ఈ నియమం ఉండి తీరాలనే అంటాను. ఇదే బెల్జియంలో జాన్-మార్క్ బోస్మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, కాంట్రాక్టు అయిపోయాక కూడా క్లబ్బు తనను డబ్బు కోసం పట్టి ఉంచడం తగదని యూరప్ న్యాయస్థానం దాకా వెళ్లి, 1995లో గెలవాల్సి వచ్చింది. సైక్లింగ్‌లో ఆ హక్కు కాంట్రాక్టులోనే రాసి ఉంది.

మరి ఎవెన్‌పూల్ సంగతేంటి? పాత జట్టు సూడల్ క్విక్-స్టెప్‌తో అతని ఒప్పందం 2026 చివరి వరకు ఉండేది. గడువుకు ముందే వెళ్లాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి: రైడర్, పాత జట్టు, కొత్త జట్టు. మిగిలిన కాలాన్ని వదులుకున్నందుకు పాత జట్టు పరిహారం అడుగుతుంది. 2023 అక్టోబరులో ప్రిమోజ్ రోగ్లిచ్ యుంబో-విస్మా వదిలి బోరాకు (ఇప్పటి రెడ్ బుల్ జట్టే) వెళ్లిందీ ఇలాగే. ఆ పరిహారం ఎంతో జట్లు బయటపెట్టవు కాబట్టి పేపర్లలో వచ్చే అంకెలు చాలావరకు అంచనాలే. చివరికి బాబాయికి ఇలా చెప్పాను: "కొనలేదు బాబాయ్, ఒక ఏడాది ముందుగా విడిపించుకున్నారు."

అపోహ: బదిలీల బేరాలు ఆగస్టు 1న మొదలవుతాయి.

ఆగస్టు 1 ఏళ్ల తరబడి ప్రకటనల తేదీ. బేరాలు అంతకు చాలా ముందే నడుస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో బెల్జియంలోని ఫ్లాండర్స్ రేసులు జరిగేటప్పుడు హోటళ్ల పార్కింగుల్లో, జట్ల బస్సుల వెనక మాటలు మొదలవుతాయి. టూర్ విశ్రాంతి రోజు వచ్చేసరికి పెద్ద పేర్లు చాలావరకు ఖాయమైపోయి ఉంటాయి. జులై చివరి వారం మా ఆఫీసులో ప్రింటర్‌కు విశ్రాంతి ఉండదు. నేను చేరిన కొత్తలో ఒక్కో కాంట్రాక్టు మూడు ప్రతులు తీసి, రైడర్ చేత ప్రతి పేజీ కిందా సంతకం చేయించేవాళ్లం. ఒక కుర్రాడు రేసు ముగించి నేరుగా వచ్చాడు. చేతికి ఇంకా గ్లవ్స్ గుర్తులు ఉన్నాయి, పెన్ను పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. టెన్షన్ అనుకున్నాను. కాదు, నాలుగు గంటలు రాళ్ల రోడ్డు మీద హ్యాండిల్ పట్టుకుని వచ్చిన చేతులు మరి.

సీజన్ మధ్యలో మారడానికి కూడా ఆగస్టు మొదటి పక్షంలో దారి ఉంది, వాడేవాళ్లే తక్కువ. 2014 ఆగస్టులో రోహన్ డెన్నిస్ గార్మిన్ నుంచి బీఎంసీకి అలాగే వచ్చాడు. ఆర్నెల్లలో గంట రికార్డు (ఒక గంటలో అత్యధిక దూరం తొక్కడం) కొట్టాడు, 2015 టూర్ మొదటి రోజు ఆధిక్యంలో ఉన్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేశాడు.

ఇంకో సంగతి. సంతకం అయిపోయినా డిసెంబరు 31 వరకు రైడర్ పాత జట్టువాడే. డిసెంబరులో స్పెయిన్ తీరంలోని కాల్పే చుట్టుపక్కల జట్లు శిక్షణ శిబిరాలు పెడతాయి. అక్కడ ముప్పై మంది ఒకే రంగు జెర్సీల్లో పోతుంటే మధ్యలో ఒకరిద్దరు పేరూ గుర్తూ లేని నల్ల జెర్సీలో కనిపిస్తారు. వాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు. ఆ శిబిరానికి రావడానికి కూడా పాత జట్టు అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం ఎన్ని ఈమెయిళ్లు రాశానో లెక్కలేదు.

అపోహ: కాంట్రాక్టు ఉత్త కాగితం, స్టార్ అనుకుంటే ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు.

నన్ను బాగా బాధపెట్టే అపోహ ఇదే. పెద్ద పేర్ల వార్తలు చూసి కుర్రాళ్లు కూడా ఇలాగే అనుకుంటున్నారు. వౌట్ వాన్ ఆర్ట్ ఉదాహరణ తీసుకోండి. 2018లో అతను సైక్లోక్రాస్‌లో, అంటే మట్టి, బురద దారుల సైకిల్ రేసుల్లో, ప్రపంచ చాంపియన్. తన జట్టు వేరే జట్టుతో కలిసిపోబోతోందన్న గొడవల మధ్య ఆ సెప్టెంబరులో కాంట్రాక్టు తనే తెంపేసుకున్నాడు. తర్వాత 2019 మార్చిలో యుంబో-విస్మాలో చేరాడు. పాత జట్టు నడిపిన కంపెనీ కోర్టుకెళ్లింది. కింది కోర్టులో వాన్ ఆర్ట్ నెగ్గాడు. 2020 నవంబరులో ఆంట్‌వెర్ప్ కార్మిక న్యాయస్థానం దాన్ని తిరగేసి, 6,62,000 యూరోలు కట్టమని తీర్పిచ్చింది. అప్పటికి అతను ఇటలీలోని పెద్ద రేసు మిలాన్-సాన్ రేమో గెలిచిన రైడర్, ఆ తీర్పును తట్టుకోగలిగాడు. నా దగ్గరికి వచ్చే ఇరవై రెండేళ్ల కుర్రాడు తట్టుకోలేడు.

2023 డిసెంబరులో సియాన్ ఔట్‌డెబ్రూక్స్ విషయంలో ఇంకో చిత్రం జరిగింది. తన కాంట్రాక్టు రద్దయిందని రైడర్ పక్షం అంది, 2024 చివరి వరకు అతను మావాడేనని బోరా అంది. యుంబో-విస్మా అతన్ని చేర్చుకున్నట్టు ప్రకటించేసింది. ఒకే రైడర్‌ను కొన్ని రోజులపాటు రెండు జట్లు తమవాడంటున్నాయి! క్రిస్మస్ దగ్గరపడుతుండగా రాజీ కుదిరింది. మాలాంటి వాళ్లు ఆ డిసెంబరంతా ఫోన్లు పక్కన పెట్టుకునే పడుకున్నాం, ఎందుకంటే అది తేలే తీరును బట్టి మా రైడర్ల ఒప్పందాలకూ అర్థం మారుతుంది.

దీనికి ఎదురు మాట కూడా తప్పే. గడువు ఉన్నంత కాలం కదలడానికి వీల్లేదని కాదు. టామ్ పిడ్‌కాక్‌కు ఇనియోస్ జట్టుతో 2027 వరకు ఒప్పందం ఉండేది. 2024 డిసెంబరులో ఇద్దరూ మాట్లాడుకుని విడిపోయారు. అతను ఒక మెట్టు కింది స్థాయి జట్టు క్యూ36.5కు వెళ్లాడు. 2025లో స్పెయిన్‌లో మూడు వారాల రేసు వుయెల్టా జరుగుతుండగానే, 2028 వరకు కాంట్రాక్టు ఉన్న హువాన్ అయూసో వెళ్లిపోతున్నాడని యూఏఈ జట్టు ప్రకటించింది. ఇద్దరూ ఒప్పుకుంటే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కరే తోస్తే కోర్టు దాకా పోతుంది.

అపోహ: రైడర్ సంపాదించిన యూసీఐ పాయింట్లు అతని వెంట కొత్త జట్టుకు వెళ్తాయి.

వెళ్లవు. ఒకప్పుడు జట్టుకు పై స్థాయి లైసెన్సు ఇచ్చే లెక్కల్లో అలా ఉండేది. అప్పట్లో ఆసియా రేసుల్లో పాయింట్లు పోగుచేసిన రైడర్లకు యూరప్ జట్ల నుంచి ఉన్నట్టుండి పిలుపులు వచ్చాయి. ఇప్పుడు జట్టు ర్యాంకింగులో పాయింట్లు ఏ జెర్సీలో వస్తే ఆ జట్టుకే ఉండిపోతాయి. మూడు సీజన్ల లెక్క కలిపి పై స్థాయి లైసెన్సులు ఇస్తారు. 2022 చివర లోటో, ఇజ్రాయెల్ జట్లు ఆ లెక్కలోనే కిందికి జారాయి. అందుకే ఇప్పుడు ఏజెంట్లు అమ్మేది నిరుటి పాయింట్లను కాదు, వచ్చే ఏడాది ఈ రైడర్ ఎన్ని తేగలడన్న నమ్మకాన్ని.

అపోహ: స్టార్ ఒక్కడే జట్టు మారతాడు.

2017లో పీటర్ సాగన్ బోరాకు వచ్చినప్పుడు అన్న యురాయ్, బొద్నార్, బాష్కా, కొలార్ లాంటి సహాయ రైడర్లు కూడా వచ్చారు. సైకిళ్ల కంపెనీ స్పెషలైజ్డ్ కూడా వెంటే వచ్చింది. స్టార్‌తో ఒప్పందమంటే ఆ మనుషులందరితోనూ ఒప్పందమే. ఆ సహాయ రైడర్ల కాంట్రాక్టులు రాసేటప్పుడు నేను ఒకటే చూస్తాను: స్టార్ ముందుగా వెళ్లిపోతే వీళ్ల గతేంటి?

అపోహ: టీవీలో కనిపించే రైడర్లందరూ కోటీశ్వరులే.

2024 అక్టోబరులో టూర్ విజేత తాదే పొగాచర్ 2030 వరకు ఒప్పందం పొడిగించుకున్నాడు. వార్తలన్నీ అతని గురించే. టూర్‌లో తొక్కే గుంపులో నూట డెబ్భై మందికి పైగా ఉంటారు. అన్నిటికన్నా పై స్థాయి అయిన వరల్డ్ టూర్ జట్టులో ఉద్యోగిగా ఉన్న రైడర్‌కు 2023లో యూసీఐ నిర్ణయించిన కనీస వార్షిక జీతం 40,045 యూరోలు. కొత్తగా ప్రొఫెషనల్ అయినవాడికి 32,102. మన లెక్కలో ఇది పెద్ద మొత్తమే. కానీ యూరప్‌లో అద్దె, పన్నులు కట్టుకుంటూ, ముప్పై అయిదుకల్లా ముగిసిపోయే వృత్తిలో బతికే మనిషి జీతమిది. ఇంకో మెలిక కూడా ఉంది. కొందరు ఉద్యోగులుగా, కొందరు స్వయం ఉపాధి కింద సంతకం చేస్తారు. రెండో రకంలో అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ బీమా, పింఛను అన్నీ రైడరే చూసుకోవాలి. ఆ పెద్ద అంకె చూసి మురిసిపోయే తల్లిదండ్రులకు పెన్నూ కాగితం పెట్టి లెక్క చేసి చూపించడం నా పనిలో ఒక భాగం. పురుషుల కాంటినెంటల్ అనే మూడో స్థాయికి దిగితే యూసీఐ కనీస జీతమనేదే పెట్టలేదు.

మహిళల వైపు 2020 దాకా కనీస జీతం నియమమే లేదు. ఆ ఏడాది పై స్థాయి జట్లలో 15,000 యూరోలతో మొదలై, 2023కి పురుషుల కొత్త రైడర్ స్థాయికి చేరింది. ప్రసవ సెలవు కూడా 2020లోనే కాంట్రాక్టులోకి వచ్చింది: మూడు నెలలు పూర్తి జీతం, తర్వాత అయిదు నెలలు సగం. అంతకుముందు గర్భవతి అయిన రైడర్ జట్టు దయ మీద ఆధారపడేది. 2018లో లిజీ డైగ్నన్ గర్భవతిగా ఉన్నప్పుడే ట్రెక్ జట్టు ఆమెను తీసుకుంది. 2021లో మొట్టమొదటి మహిళల పారిస్-రూబే, ఫ్రాన్స్‌లో రాళ్ల రోడ్ల మీద జరిగే రేసు, ఆమే గెలిచింది. హ్యాండిల్ మీద రక్తం మరకలతో ఆమె ఆ రాళ్ల రోడ్డు దాటడం చూసి మా ఆఫీసంతా లేచి నిలబడింది. నిర్వాహకులు ఆమెకు ఇచ్చిన బహుమతి 1,535 యూరోలు. మర్నాడు పురుషుల రేసు గెలిచినతనికి 30,000.

అపోహ: పెద్ద స్పాన్సర్ పేరు జెర్సీ మీద ఉంటే ఉద్యోగం భద్రం.

సైక్లింగ్ జట్టుకు టికెట్ల ఆదాయం లేదు, స్టేడియం లేదు. టీవీ హక్కులు రేసు నిర్వాహకులవి. జట్టు నిలబడేది స్పాన్సర్ మీద, ఆ స్పాన్సర్ మనసు మారితే కింద నేల ఉండదు. 2022లో ఫ్రాన్స్ జట్టు బీ అండ్ బీ హోటల్స్ పెద్ద కలలు కన్నది. పేరున్న స్ప్రింటర్ మార్క్ కావెండిష్ వస్తాడన్నారు, మహిళల జట్టూ పెడతామన్నారు. డబ్బు సమకూరలేదు, డిసెంబరులో జట్టు మూతపడింది. జట్లలో ఖాళీలు దాదాపు నిండిపోయే నెల అది. ఆ జట్టును నమ్ముకుని ట్రెక్‌ను వదులుకున్న ఆద్రే కోర్డన్-రాగో జాఫ్ అనే జట్టులో చేరింది. అక్కడ జీతాలు రాలేదు. 2023 వసంతంలో మళ్లీ జట్టు మారాల్సి వచ్చింది. కావెండిష్ అస్తానాకు వెళ్లి, 2024 జులై 3న సాన్-వుల్బాలో తన 35వ టూర్ స్టేజీ (ఒక రోజు పందెం) గెలిచాడు.

కావెండిష్ కథే అందరికీ గుర్తుంటుంది. నాకు గుర్తుండేది ఇంకో డిసెంబరు, ఇంకో జట్టు. మేం చూసే రైడర్ ఒకడు, వయసు 26, సహాయ రైడర్. జట్టు మేనేజర్ నోటి మాట నమ్మి, చేతిలో ఉన్న ఇంకో అవకాశం వదులుకున్నాడు. వద్దని నేను గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. నమూనా కాంట్రాక్టు ప్రకారం కొనసాగిస్తారో లేదో సెప్టెంబరు 30 లోపు రాసి ఇవ్వాలి. ఆ ఉత్తరం కోసం నేను పట్టుబట్టి ఉండాల్సింది. డిసెంబరు రెండో వారంలో జట్టు కొత్త స్పాన్సర్ రావడం లేదని చేతులెత్తేసింది. చివరి మూడు నెలల జీతాలూ ఆగిపోయాయి.

ఇలాంటప్పుడు ఆదుకోవడానికే యూసీఐ జట్ల నుంచి ముందుగా బ్యాంకు గ్యారంటీ తీసుకుంటుంది. దాని మీద క్లెయిమ్ వేశాం. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కాంట్రాక్టు ప్రతి అన్నీ అతని భార్య ఒక అట్టపెట్టెలో సర్ది తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తేదీల వారీగా సర్ది, పైన చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. డబ్బు వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే వెనక నుంచి యంత్రాల చప్పుడు వినిపించింది. తన ఊళ్లోనే తలుపులు, కిటికీలు చేసే ఫ్యాక్టరీలో చేరాడట. షిఫ్టు అయ్యాక తనే చేస్తానన్నాడు.