సింహాచలం ఘాట్‌లో సెకండ్ గేరు

సింహాచలం కొండ దిగే బస్సులో డ్రైవర్ వెనక సీటు నాకిష్టం. వంపు రాకముందే ఆయన సెకండ్ గేరు వేస్తాడు. ఇంజన్ గుర్రుమంటుంది, బస్సు నెమ్మదిస్తుంది. కొండ ఎక్కించిన ఇంజనే దిగేటప్పుడు బస్సును పట్టి ఆపుతుంది.

మొన్న గోపాలపట్నం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "మాస్టారూ, మా కోడలికి ఆరో నెల. గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్ మీదే యాంటీబాడీలు ఉన్నాయట. యాంటీబాడీలు మంచివే కదండీ?"

ఒంట్లోకి వచ్చిన క్రిములను పట్టుకునే కాపలా ప్రొటీన్లవి. మంచివే, గురి తప్పి మన సొంత ప్రొటీన్లనే పట్టుకోనంతవరకు. ఆవిడకి ఈ బస్సు సంగతే చెప్పాను.

రక్తంలో ఇంజన్ పేరు థ్రాంబిన్. ఫైబ్రినోజెన్‌ను దారాలుగా మార్చి గడ్డ కట్టించేది అదే. కానీ రక్తనాళం గోడ మీద థ్రాంబోమాడ్యులిన్ అనే గేరు లీవర్ ఉంటుంది. థ్రాంబిన్ దానికి తగులుకుంటే దారాలు వడకడం మానేసి ప్రొటీన్ సిని నిద్రలేపుతుంది. ప్రొటీన్ సి, క్లీనర్ లాంటి ప్రొటీన్ ఎస్ సాయంతో, పని మీదున్న 5, 8 ఫ్యాక్టర్లనే గడ్డకట్టించే ప్రొటీన్లను కత్తిరిస్తుంది. దాంతో కొత్త థ్రాంబిన్ తయారీ తగ్గిపోతుంది. తల్లి రక్తం నేరుగా తగిలే మాయ పైపొర మీద కూడా ఈ లీవర్ ఉంది. యాంటీబాడీ వచ్చి లీవర్నో, క్లీనర్ చేతినో పట్టుకుంటే బ్రేకు పడదు. అదే బస్సు టాపు మీద, అంటే ప్రొటీన్ పనికి అడ్డురాని చోట, కూర్చుంటే ఏమీ కాదు! అందుకే ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల్లోనూ ఇలాంటి యాంటీబాడీలు కొద్దిగా కనిపిస్తాయి.

అసలు గర్భంతో ఉన్నప్పుడు ఒళ్లే బ్రేకు కాస్త వదులు చేసుకుంటుంది. ఫైబ్రినోజెన్ పెరుగుతుంది, ఫ్రీ ప్రొటీన్ ఎస్ బాగా పడిపోతుంది. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళుతుంటుంది. మాయ ఊడిన క్షణాన అదంతా కారిపోకూడదు కదా. ఇప్పటికే వదులుగా ఉన్న ఆ బ్రేకుకు యాంటీబాడీ కూడా అడ్డం పడితే మాయ నాళాల్లో చిన్న గడ్డలు పేరుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బు, ప్రీఎక్లాంప్సియా, కథలో ఇదొక పాయ మాత్రమే. మాయకు వెళ్లే ధమనులు సరిగా వెడల్పవకపోవడం ఇంకా ముందు మొదలయ్యే గొడవ.

ఆ జబ్బు ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవారు. గ్రహణం రోజు గర్భిణిని గది దాటనివ్వని ఇళ్లలోనే బీపీ చూపించడానికి "వచ్చే నెల చూద్దాంలే" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. 20 వారాలు దాటాక 140/90 కనిపిస్తే ఆగకూడదు. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా అంతే.

గురి తప్పి గడ్డలు కట్టించే యాంటీబాడీల్లో బాగా పేరున్నవి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. వాటినైనా ఒక్క రిపోర్టుతో నమ్మరు, కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చూస్తారు. ముప్పు ఎక్కువున్నవాళ్లకి డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ వీలైతే 16 వారాల లోపే మొదలుపెడతారు. అది సొంతంగా వేసుకునే మాత్ర కాదు.

"ఎన్నిసార్లు చేయించారమ్మా టెస్టు?"

"ఒక్కసారే."

"మొన్నటి బీపీ ఎంత?"

"ఉండండి మాస్టారూ, పుస్తకం తెస్తాను" అని ఫోన్ బల్ల మీద పెట్టేశారు. బీరువా తలుపు చప్పుడు, వెనక కోడలి గొంతు: "118/76 అత్తయ్యా, నాకు గుర్తే."