పోటు చేరని చోట మడ మొలవదు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, కోరంగి దగ్గర, మడ అడవిలోకి చెక్కలతో వేసిన నడకదారి ఒకటి ఉంది. నీరు తీసిన వేళ అక్కడికి వెళ్లాలి. పాయ అంచున బురద బయటపడి ఉంటుంది. ఆ బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు వేలెడంత పొడవున వేలకొద్దీ పుల్లలు నిటారుగా కనిపిస్తాయి. అవి మొలకలు కావు, మడ చెట్టు శ్వాస వేర్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు తన వేర్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. తెల్ల మడ ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకిస్తే ఉప్పగా తగులుతుంది. ఉప్పునీరు తాగి, అక్కర్లేని ఉప్పును ఆకుల మీదికి చెమటలా వదిలేసే చెట్టు అది. ఉప్పు పొన్నది మరో పద్ధతి. ఉప్పులో చాలా భాగాన్ని వేరు దగ్గరే వడకట్టేస్తుంది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడవున వేలాడి, అదను చూసుకుని బురదలో పడుతుంది, లేదా నీటి మీద తేలిపోయి దొరికిన ఒడ్డున వేరు దిగుతుంది.

ఇంత మొండి చెట్టు ఎక్కడైనా బతికేస్తుందని మొదటిసారి చూసినప్పుడు అనుకున్నాను. అది పొరపాటు. ఉప్పును తట్టుకునే మడకు నీటి లెక్కలో మాత్రం పట్టింపు చాలా ఎక్కువ. మన తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు నీరు తీస్తుంది. పోటుకూ పాటుకూ మధ్య ఎత్తులో తేడా కాకినాడ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా మీటరున్నర దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ కాస్త ఎత్తులోనే ఒక్కో జాతి తన మెట్టు తాను చూసుకుని నిలబడుతుంది. మెట్టు దిగితే మొక్క మునిగి ఊపిరాడక చస్తుంది. మెట్టు ఎక్కితే నీరందక ఉప్పుకు మాడిపోతుంది.

ఈ సంగతి పట్టించుకోకుండా మొక్కలు నాటిన దేశాలు ఉన్నాయి, పట్టించుకుని కాలువలు తవ్విన చోట్లూ ఉన్నాయి. పాడైన ప్రకృతిని బాగు చేస్తామని ప్రపంచమంతా మాట ఇచ్చిన ఈ రోజుల్లో ఆ రెంటికీ ఉన్న తేడా తెలుసుకోవడం అవసరం. 1992లో రియోలో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం ప్రతి దేశమూ తన జాతీయ కార్యాచరణ ప్రణాళిక తాను రాసుకోవాలి. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలన్నీ కూర్చుని, 2030 నాటికి పాడైన భూములు, నీటి వనరులు, తీరాలలో కనీసం 30 శాతం పునరుద్ధరణలోకి రావాలని లక్ష్యం పెట్టుకున్నాయి. దానికి అనుగుణంగా మన దేశం 2024లో 23 లక్ష్యాలతో తన ప్రణాళికను సవరించుకుంది. లక్ష్యాలు మంచివే. వాటిని కొలిచే తీరు మీదే నా బెంగ. హెక్టార్లు లెక్కపెట్టడం తేలిక, మొక్కలు లెక్కపెట్టడం ఇంకా తేలిక. ఆ రెండు అంకెలూ ఎంత మోసం చేయగలవో మడ అడవి చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

మన గోదావరి, కృష్ణా ముఖద్వారాల కథనే చూడండి. బ్రిటిష్ కాలం నుంచి ఈ అడవులను వంటచెరకు కోసం కూపులుగా, అంటే నరుకుడు ముక్కలుగా విడగొట్టి, ఏటా కొన్ని కూపుల చొప్పున మొత్తం నరికేవారు. నరికిన చోట కొన్నేళ్లకు అడవి దానంతట అదే తిరిగి లేస్తుందని, అప్పుడు మళ్లీ నరుక్కోవచ్చని లెక్క. మెట్ట అడవిలో ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. మడ అడవిలో ఎదురు తిరిగింది. చెట్ల నీడ పోగానే బురద నేరుగా ఎండకు ఎక్కింది. తడి ఆరిన బురద కుంచించుకుపోయి నేల కుంగింది. అడవి మధ్యలో పళ్లెంలాంటి పల్లాలు ఏర్పడ్డాయి. పెద్ద పోటుకు నీరు ఆ పల్లంలోకి ఎక్కుతుంది, కానీ తిరిగి పోదు. అక్కడే నిలిచి ఎండకు ఆవిరవుతుంది. ఉప్పు మాత్రం మిగులుతుంది. మరో పోటు, మరికొంత ఉప్పు. కొన్నేళ్లకు ఆ నేల ఉప్పుదనం సముద్రాన్ని మించిపోయి, పడిన గింజ పడినట్టే చచ్చిపోయింది. చుట్టూ పచ్చగా అడవి, నడుమ చెట్టు లేని తెల్లటి బట్టనేల.

ఆ బట్టనేలలు చూసిన వారు చాలాకాలం ఊళ్ల మీదే నింద వేశారు. పుల్లలు ఏరుకునే ఆడవాళ్లు, పశువులు తోలుకొచ్చే కాపరులు అడవిని తినేస్తున్నారని అన్నారు. పశువుల వల్ల, పుల్లల వల్ల నష్టం లేదని నేను అనను. కానీ అడవి మధ్యలో నీటి నడకను చెడగొట్టింది పుల్లలు ఏరినవారు కాదు, పథకం వేసి నరికించిన పద్ధతి. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తమిళనాడులోని పిచ్చావరంలోనూ, ఆ తర్వాత మన అటవీ శాఖతో కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఈ విషయాన్ని నేల మీద పరిశీలించి తేల్చారు. దోషం ఎవరిదో తెలియడం వల్లే మందు ఏమిటో తెలిసింది.

ఆ మందు కాలువ. కుంగిన పల్లం నుంచి దగ్గరి సహజ పాయ దాకా ఒక ప్రధాన కాలువ తవ్వుతారు. దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది, అందుకే చేపముల్లు కాలువలు అనే పేరు వచ్చింది. కాలువ పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండాలి. గట్లు నిలువుగా తీస్తే కూలిపోతాయి. నేల వాలును కొలిచి మరీ తవ్వాలి, లేకపోతే లోపలికి వచ్చిన నీరు మళ్లీ చిక్కుకుపోతుంది. ఇలా తవ్వాక మొక్క నాటడానికి తొందరపడరు. పోటు వచ్చి పోతూ ఉంటే నేలలోని ఉప్పు కొద్దికొద్దిగా కడుక్కుపోతుంది. అప్పుడు, గట్టు వాలులో సరిగ్గా మధ్య ఎత్తున మొక్క పెడతారు. మరీ కిందికి పెడితే నీటిలో మునుగుతుంది, మరీ పైకి పెడితే తడి తగలదు. ప్రతి పోటుకూ వేరు తడవాలి, ప్రతి పాటుకూ అది గాలి పీల్చాలి. పనంతా ఆ జానెడు మేరను పట్టుకోవడంలోనే ఉంది.

తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో ఈ తరహా పనితో వెయ్యి హెక్టార్లకు పైగా బట్టనేల తిరిగి పచ్చబడింది. పనిలో ఊళ్లను భాగస్వాములను చేశారు. మనవైపు వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి, కాలువలు తవ్వింది ఆ ఊళ్ల మనుషులే. ఏ పాయలో నీరు ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ పటంలోనూ ఉండదు. ఒక్క లోటు మాత్రం ఒప్పుకోవాలి. ఉప్పును బాగా ఓర్చుకుంటుందని ఎక్కువగా తెల్ల మడనే నాటారు. కాబట్టి ఆ చోట్ల పచ్చదనం వచ్చింది కానీ నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న కలగలిసిన పాత అడవి పోలిక రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

ఇప్పుడు శ్రీలంక సంగతి. 2004 సునామీ తర్వాత అక్కడ తీరం పొడవునా మడ మొక్కలు నాటారు. డబ్బు వచ్చింది, మనుషులు వచ్చారు, మనసూ ఉంది. మొత్తం వెయ్యి నుంచి 1,200 హెక్టార్లలో నాటితే చివరికి నిలిచింది 200 హెక్టార్లకు కాస్త పైన. శాస్త్రవేత్తలు తర్వాత 23 చోట్లకు వెళ్లి చూస్తే, తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా లేదు. సగానికి పైగా మొక్కలు బతికినవి మూడు చోట్లే. ఎత్తు తప్పిన చోట నాటారు. నాటాక పశువులు మేశాయి, ఎవరూ తిరిగి చూడలేదు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. సముద్రం మింగిన ఊళ్ల వారు తమ చేతులతో నాటుకున్న మొక్కలవి.

ఫిలిప్పీన్స్‌లో ఇదే తప్పు ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. దాని వెనక కారణం మనకు బాగా అర్థమయ్యేదే. అక్కడ అసలు మడ అడవులు ఉండాల్సిన ఎత్తు నేలల్లో చాలా భాగం చేపల చెరువులైపోయింది. చెరువుకు యజమాని ఉంటాడు, లీజు ఉంటుంది, దాన్ని కదిలిస్తే గొడవ. ఇక నాటడానికి ఖాళీగా దొరికింది ఎవరిదీ కాని దిగువ బురద, సముద్రపు గడ్డి పెరిగే నేల. అక్కడ మడ ఎన్నడూ మొలవలేదు, మొలవదు కూడా. ఉప్పు పొన్న జాతి మొలక పొడుగ్గా, చేతికి అందంగా, గుచ్చడానికి వీలుగా ఉంటుంది కాబట్టి దాన్నే వరసల్లో గుచ్చారు. చాలా చోట్ల పదింట ఒకటో రెండో బతికాయి. అంటే శాస్త్రం తెలియక కాదు, భూమి దగ్గర పేచీ పెట్టుకోలేక అడవిని తప్పు చోటికి పంపారు. ఎక్కడ నాటాలన్న ప్రశ్నకు జవాబు మట్టిలో వెతకాలి, వాళ్లు పట్టా కాగితాల్లో వెతుక్కున్నారు.

దీనికి నేరుగా ఎదురుగా నిలిచిన మనిషి అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన మడ శాస్త్రవేత్త రాబిన్ లూయిస్. మడ ఎందుకు తిరిగి మొలవడం లేదో ముందు కనుక్కోండి, ఆ అడ్డు తీసేయండి, నాటడం ఆఖరి మాట అని ఆయన జీవితమంతా చెప్పారు. ఫ్లోరిడా ఆగ్నేయ తీరంలోని వెస్ట్ లేక్ దగ్గర దాదాపు 500 హెక్టార్లలో పాత పూడిక మట్టిని తీసి, నేలను సరైన ఎత్తుకు దించి, పోటు కాలువలు తెరిచారు. గింజలను నీరే తెచ్చింది. అక్కడి మూడు మడ జాతులూ వాటంతట అవే వచ్చి చేరాయి. శ్రీలంక కూడా తన తప్పు నుంచి నేర్చుకుంది. శాస్త్రం ఆధారంగా మడను తిరిగి తెచ్చే అక్కడి కార్యక్రమాన్ని 2024లో ఐక్యరాజ్యసమితి ప్రపంచానికి ఆదర్శమైన పునరుద్ధరణ పనుల్లో ఒకటిగా గుర్తించింది.

మన చట్టాలు మడను కాపాడలేదని అనడం అన్యాయం. కోరంగి 1978 నుంచే అభయారణ్యం. 1991 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటన మడ అడవులను మొదటి తరగతి రక్షణలో చేర్చింది. 1990లలో రొయ్యల చెరువులు తీరాన్ని కమ్ముకున్నప్పుడు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా అడ్డుపడింది. దేశంలో మడ అడవుల విస్తీర్ణం 1987లో 4,046 చదరపు కిలోమీటర్లు ఉంటే, దేశ అటవీ స్థితిపై 2023 నివేదిక నాటికి దాదాపు 4,992కు చేరింది. పెరుగుదలలో పెద్ద వాటా గుజరాత్‌ది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 420 ఉంది. ప్రపంచంలో చాలా దేశాలు మడను పోగొట్టుకుంటున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఒడిశాలో 1999 తుపాను తర్వాత కేంద్రపాడా జిల్లాలో 400కు పైగా గ్రామాల లెక్కలు తీసి చూస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తక్కువగా ఉన్నాయి. 1839 తుపానులో రేవుపట్నం మొత్తాన్ని పోగొట్టుకున్న కోరంగికి, 1977 ఉప్పెన చూసిన దివిసీమకు ఈ సంగతి వేరే చెప్పాలా?

2023లో కేంద్రం మిష్టి పథకం ప్రకటించింది. తీరం ఉన్న తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మేర మడను పెంచడం, తిరిగి తేవడం లక్ష్యం. నేను ఈ పథకం గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అందుకే రెండు భయాలు చెప్పుకుంటాను. మొదటిది, ఏటా ఇంత విస్తీర్ణం చూపించాలన్న ఒత్తిడిలో, నాటడానికి వీలైన చోటే నాటాల్సిన చోటుగా మారిపోవడం. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దిబ్బ, వలస పక్షులు మేసే బురద మైదానం కూడా ఖాళీ నేలగానే కనిపిస్తాయి. అవి ఖాళీ కావు. రెండో భయం ఎగువది. మడ నిలబడే నేలను నది ఒండ్రు కడుతుంది. గోదావరి, కృష్ణా మీద కట్టిన జలాశయాల వెనక ఆ ఒండ్రు ఆగిపోయి, డెల్టా అంచులు చాలా చోట్ల కోతకు గురవుతున్నాయి. తీర పథకం రాసే కార్యాలయానికీ ఆనకట్ట గేట్లు ఎత్తే కార్యాలయానికీ ఈ విషయమై మాటలు నడవాలి. జాతీయ ప్రణాళిక అని పేరు పెట్టుకున్నందుకు చేయాల్సిన మొదటి పని అదే.

చేపముల్లు కాలువలకు మరో తత్వం ఉంది. అవి పూడుకుపోతాయి. ప్రతి పోటూ కాస్త బురద తెచ్చి నోటి దగ్గర వదులుతుంది. మొదటి మూడు నాలుగేళ్లు పూడిక తీయకపోతే లోపల నీరు మళ్లీ చిక్కుకుని, కథ మొదటికొస్తుంది. పథకాల ఖర్చులో తవ్వకానికి, నాటడానికి కేటాయించినంత సులువుగా పూడికకు కేటాయించరు. నాటిన మొక్కల సంఖ్య రాసే ఫారంలోనే మూడో ఏడు బతికినవెన్ని, కాలువ నోరు తెరిచి ఉందా, ఆ ఊరి సమితికి పూడిక కూలి అందిందా అని మూడు గళ్లు చేర్చాలి. వాటిని నింపడానికి పెద్ద పరికరాలు ఏమీ అక్కర్లేదు. అమావాస్య నాటి పోటుకు ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని పడవ మీద వెళ్తే, ఏ కాలువలోకి నీరు ఎక్కిందో, ఏది నోరు మూసుకుపోయి బయటే నిలిపేసిందో అరగంటలో తెలిసిపోతుంది.