కౌజు కూత

పిల్లలూ,

మొన్న చిన్నోడు ఫోన్లో అడిగాడు: "తాతయ్యా, ఈ-సిగరెట్లు అమ్మకూడదని చట్టం ఉందట కదా, మరి రీల్స్‌లో ఒకన్న మామిడిపండు వాసన అంటూ పొగ రింగులు ఎలా వదులుతున్నాడు?" ఫోన్లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నా.

ఆ పరికరంలో బ్యాటరీ, చిన్న తీగచుట్ట, ఒక ద్రవం ఉంటాయి. తీగ వేడెక్కితే ద్రవం ఆవిరవుతుంది. అది వట్టి నీటి ఆవిరి కాదు, చాలావాటిలో పొగాకులో ఉండే నికోటిన్ ఉంటుంది, అలవాటు చేసేది అదే. మీ మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి ఈ వయసులో ఆ అలవాటు అంటుకుంటే వదలడం కష్టం. మిగతాది మీ సైన్సు టీచర్ చెబుతారు.

నా చిన్నప్పుడు కౌజు పిట్టలు పట్టేవాళ్లు వచ్చేవారు. పెంచిన కౌజును పంజరంలో పెట్టి పొదల పక్కన ఉంచేవారు. చుట్టూ ఉచ్చులు పన్ని దూరంగా కూర్చునేవారు. నేను బడి ఎగ్గొట్టి వాళ్ల వెనకే నక్కేవాణ్ణి (మా నాన్న చేతి దెబ్బల సంగతి మరోసారి). పంజరంలోంచి కూత రాగానే అడవి కౌజులు పరుగెత్తుకొచ్చేవి. మనిషి పిలిస్తే వస్తాయా? తమలాంటి పిట్టే పిలవాలి. పాపం, ఆ పిట్టకు తను ఎవరి పని చేస్తోందో తెలీదు.

అమెరికాలో జూల్ అనే ఈ-సిగరెట్టు 2015లో ఇలాగే బయల్దేరింది. కుర్ర మోడళ్లు, ముదురు రంగులు, సోషల్ మీడియా నిండా ఫొటోలు. బడిపిల్లల్లో అలవాటు ఎంత పాకిందంటే, 2018లో ఆ దేశపు సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం చూసే పెద్ద అధికారి) దాన్ని మహమ్మారి అనేశారు. గొడవ ముదిరి జూల్ కంపెనీ అక్కడి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మూసేసింది. అయినా దాని పేరుతో హ్యాష్‌ట్యాగ్ పోస్టులు ఆగలేదు! వేటగాడు పంజరం ఎత్తుకెళ్లాక అడవి పిట్టలే ఆ కూత అందుకున్నాయన్నమాట. ఎవరూ డబ్బివ్వకుండానే. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు విడ్డూరంగానే ఉంటుంది.

డబ్బు తీసుకుని వీటిని పొగిడే పోస్టులు పెట్టొద్దని 2019 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ చెప్పింది. పిల్లల్ని లాగేలా ప్రచారం చేసిందన్న ఆరోపణల మీద 2022లో జూల్ కంపెనీ 30కి పైగా అమెరికా రాష్ట్రాలకు సుమారు 44 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ప్రకటనల్లో 35 ఏళ్లలోపు వాళ్లను చూపకూడదన్నది అందులో ఒక షరతు. పంజరంలో ఏ వయసు పిట్ట ఉందో అప్పటికి గుర్తుపట్టారు.

మన దేశంలో 2019 చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నిటినీ ఆపేసింది. అమ్మినా, ప్రకటన చేసినా మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. బ్రిటన్ మాత్రం పెద్దలకు అమ్మనిస్తూ, వాడి పారేసే రకాన్ని 2025 జూన్ నుంచి నిషేధించింది. చిన్నోడా, నీ ప్రశ్నకు కొంత జవాబు ఇదే: అమ్మకం ఉన్నచోట తీసిన వీడియో నీ ఫోన్లోకి రావడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఇక్కడే దొంగచాటుగా అమ్మేవాళ్లూ లేకపోలేదు, వాళ్లకు ఆ వీడియో ఊరికే దొరికిన కూత.

ఈసారి అలాంటిది కనిపిస్తే రింగుల్ని వదిలేసి మిగతాది చూడండి. డబ్బు తీసుకున్నట్టు ఎక్కడైనా రాశాడా? పేరు కెమెరాకి కనబడేలా పట్టుకున్నాడా? "ఎక్కడ దొరుకుతుంది" అని కామెంట్లలో అడిగితే జవాబిస్తున్నదెవరు? లింకులు మాత్రం ముట్టుకోవద్దు. చూశాక రిపోర్ట్ నొక్కి, ఏం కనిపెట్టారో నాకు రాయండి. అక్షరదోషాలున్నా పర్లేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య