కోవిడ్ టెస్టు: ల్యాబ్ లోపలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

కోవిడ్ రోజుల్లో నేను ఆర్‌టీపీసీఆర్ (ముక్కులో, గొంతులో పుల్ల పెట్టి తీసిన తడిలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే టెస్టు) ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేశాను. అప్పట్లో జనం బతుకులు మా రిపోర్టు మీదే నడిచాయి. ఉద్యోగానికి వెళ్లాలన్నా, విమానం ఎక్కాలన్నా, ఆపరేషన్ చేయించుకోవాలన్నా ముందు ఆ కాగితమే అడిగేవాళ్లు. ఇంత బరువు మోసిన కాగితం ఏం చెబుతుందో, ఏం చెప్పదో మాత్రం చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నెగెటివ్ వచ్చిందంటే వైరస్ లేనట్టే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే. ఆ స్వాబ్ పుల్లకు అంటిన తడిలో, ఆ సమయానికి, టెస్టుకు దొరికేంత వైరస్ లేదు. నెగెటివ్ రిపోర్టు చెప్పేది ఇంతే. వైరస్ సోకిన మర్నాడే టెస్టు చేయించుకుంటే దొరకడం దాదాపు అసాధ్యం. అది ముక్కులో, గొంతులో పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2020లో వచ్చింది. నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో కూడా, లక్షణాలు మొదలైన రోజున టెస్టు చేస్తే సుమారు 38 శాతం మందికి నెగెటివ్ రావచ్చని అందులో అంచనా వేశారు. ఇంకో మూడు రోజులాగి చేస్తే అది 20 శాతానికి తగ్గింది.

కానీ బయట జరిగింది వేరు. పాజిటివ్ వచ్చిన మనిషితో కలిసి కూర్చున్నవాళ్లు మర్నాడే పరుగున వచ్చి స్వాబ్ ఇచ్చేవాళ్లు. నెగెటివ్ రాగానే గుండెల మీద చేయి వేసుకుని ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లను తప్పుపట్టలేను, చేతిలో రిపోర్టు ఉంది కదా. జ్వరం, దగ్గు ఉండి నెగెటివ్ వస్తే విడిగానే ఉండాలి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చేయించుకోవాలి. ఈ రెండు మాటలూ ప్రతి నెగెటివ్ రిపోర్టు కింద పెద్ద అక్షరాలతో ఉండాల్సిందని నా అభిప్రాయం.

అపోహ: మెషీన్‌లో పెడితే రిపోర్టు వచ్చేస్తుంది, ఆలస్యమైతే అది మా నిర్లక్ష్యం

శాంపిల్ ట్యూబును బయోసేఫ్టీ క్యాబినెట్ (వైరస్ గాల్లోకి రాకుండా ఆపే పెట్టె) లోపల తెరవాలి. వైరస్‌ను నిర్వీర్యం చేసి, దాని ఆర్ఎన్ఏను, అంటే జన్యుపదార్థాన్ని, వేరు చేయాలి. ఆ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చాక, వేడి చేస్తూ చల్లారుస్తూ దాదాపు 40 సైకిళ్లు నడపాలి. సైకిల్ సైకిల్‌కీ అది సుమారు రెట్టింపవుతుంది. ఇవన్నీ సజావుగా సాగినా కొన్ని గంటలు పడుతుంది.

మెషీన్‌లో పెట్టే ఒక్కో ప్లేటులో 96 గుంటలుంటాయి. అన్నిట్లోనూ పేషెంట్ల శాంపిళ్లే ఉండవు. ఒక గుంటలో వైరస్ జన్యుపదార్థం ఉందని మాకు ముందే తెలుసు. ఇంకోదానిలో అది అసలే ఉండకూడదు. ఆ ఖాళీ గుంట మీదే మా కళ్లన్నీ. స్క్రీన్ మీద దాని గీత చివరిదాకా నేలబారుగా సాగితే ఊపిరి పీల్చుకుంటాం. అది పైకి లేచిందంటే ఎక్కడో ఓ తుంపర పక్క గుంటలో పడి ఉండొచ్చు. అప్పుడు ఆ ప్లేటులోని రిపోర్టులు నిలిపేసి, పని మళ్లీ మొదలుపెట్టాలి. పీపీఈ లోపల చెమట కారుతూ, కళ్లద్దాలకు ఆవిరి పట్టి, బయట ఫోన్ మోగుతూనే ఉండగా ఆ నిర్ణయం తీసుకోవడం కష్టమే. ఆ ఫోన్ చేసేవాళ్ల టెన్షన్ మాకు తెలియక కాదు. తొందరపడి తప్పు పాజిటివ్ ఇస్తే, జబ్బు లేని మనిషిని తీసుకెళ్లి కోవిడ్ వార్డులో పడుకోబెట్టేవాళ్లు.

అపోహ: స్వాబ్ మెదడు దాకా వెళ్తుంది

వెళ్లదు. ముక్కు వెనక, గొంతు పైభాగం దగ్గర ఆగుతుంది. అక్కడికీ మెదడుకూ మధ్య ఎముక ఉంటుంది. కళ్లలో నీళ్లు రావడం మామూలే.

అపోహ: సీటీ వాల్యూ తక్కువుంటే ప్రాణాపాయం

వైరస్ ఆనవాలు ఎన్నో సైకిల్‌లో బయటపడిందో ఆ సంఖ్యే సీటీ వాల్యూ. అది తక్కువగా ఉంటే శాంపిల్‌లో వైరస్ ఎక్కువని అర్థం. అయితే స్వాబ్ ఎంత బాగా తీశారు, జబ్బు మొదలై ఎన్నాళ్లయింది, ఏ కిట్ వాడారు అన్నదాన్ని బట్టి ఈ అంకె మారిపోతుంది. ‘నాది 18, మా అన్నది 30’ అని ఇద్దరు పేషెంట్లు పోల్చుకుని భయపడటంలో అర్థం లేదు. చూడాల్సింది ఆక్సిజన్ స్థాయి, ఆయాసం.

అపోహ: మళ్లీ నెగెటివ్ వచ్చేదాకా జబ్బు అంటిస్తూనే ఉంటారు

దీనివల్ల ఎందరికో పని పోయింది. చచ్చిన వైరస్ ముక్కలు దొరికినా ఆర్‌టీపీసీఆర్ పాజిటివే చూపిస్తుంది. అలా వారాల తరబడి చూపించవచ్చు. జబ్బు తేలికగా వచ్చి తగ్గినవాళ్లలో సాధారణంగా లక్షణాలు మొదలై 10 రోజులు దాటాక ఇంకొకరికి సోకగల వైరస్ దొరకదు. ఐసోలేషన్ ముగించడానికి నెగెటివ్ రిపోర్టు తప్పనిసరి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. అయినా చాలాచోట్ల యజమానులు వినలేదు. పూర్తిగా కోలుకున్న మనుషులు రిపోర్టు మారడం కోసం మళ్లీ మళ్లీ స్వాబ్ ఇస్తూ, జీతం లేకుండా కూర్చున్నారు. చేతనైనంత వరకు మేం నచ్చజెప్పాం. కానీ ల్యాబ్ వాళ్ల మాటకు ఆఫీసుల్లో విలువెంత?

అపోహ: పాజిటివ్ వచ్చిందంటే ఆ మనిషి అజాగ్రత్తగా ఉన్నట్టే

లక్షణాలు బయటపడకముందే ఈ వైరస్ ఇంకొకరికి అంటుకోగలదు. ఎదుటి మనిషికే తనకు సోకిందని తెలియనప్పుడు ఎవరిని నిందిస్తాం? పాజిటివ్ అని ఫోన్ చేసి చెప్పినప్పుడు చాలామంది ముందు అడిగింది మందుల గురించి కాదు. ‘మేడమ్, పక్కింటివాళ్లకు తెలియకుండా చూడండి’ అన్నారు. జబ్బు కన్నా జనానికే ఎక్కువ భయపడ్డారు. భయపడి దాచినప్పుడల్లా వాళ్లతో మెలిగినవాళ్లకు టెస్టు చేయించుకునే అవకాశం పోయింది. మీకు పాజిటివ్ వస్తే, లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి మీరు దగ్గరగా మెలిగిన వాళ్లందరికీ ఆ రోజే ఫోన్ చేయండి. మీకు అలాంటి ఫోన్ వస్తే, చెప్పినందుకు ముందు థాంక్స్ చెప్పండి. ఎక్కడ తిరిగావని అడగకండి.