యాసుకుని: 1978 అక్టోబరులో చేరిన 14 పేర్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్లు నిండిన 2025 ఆగస్టు 15న అప్పటి జపాన్ ప్రధాని షిగేరు ఇషిబా టోక్యోలోని యాసుకుని మందిరానికి తాను వెళ్లకుండా కానుక పంపించారు. ఆయన మంత్రివర్గంలోని వ్యవసాయ మంత్రి షింజిరో కొయిజుమి మాత్రం స్వయంగా వెళ్లి మొక్కి వచ్చారు. ఎప్పటిలాగే బీజింగ్, సోల్ నగరాల నుంచి నిరసనలు వెలువడ్డాయి. ఒక దేశం యుద్ధంలో పోయిన తన బిడ్డలకు దణ్ణం పెట్టుకుంటే పొరుగువారికి అభ్యంతరమేమిటని అడిగేవారు మన దగ్గరా ఉన్నారు. ఆ ప్రశ్న 1978కి ముందు అడిగి ఉంటే జవాబు చెప్పడం నిజంగానే కష్టమయ్యేది.

యాసుకునిలో సమాధులు లేవు, అస్థికలు లేవు. అక్కడ ఉన్నవి పేర్లు మాత్రమే. చక్రవర్తి పక్షాన పోరాడి ప్రాణాలు విడిచినవారి పేర్లను చేతిరాతతో ఒక గ్రంథంలో ఎక్కించి, గర్భాలయం వెనుక భద్రపరిచి, ఆ క్షణం నుంచి వారిని దేవతలుగా కొలుస్తారు. అలా ఇప్పటిదాకా ఎక్కిన పేర్లు దాదాపు 24 లక్షల 66 వేలు. వాటిలో అత్యధికం ఇంటికి తిరిగి రాని మామూలు సిపాయిలవి. కాబట్టి ఈ వివాదమంతా ఎవరి పేరు ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఎవరిని అడిగి ఎక్కించారు అన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

1978 అక్టోబర్ 17న, శరదృతువు ఉత్సవాల సమయంలో, కొత్తగా చేరుతున్న మృతుల జాబితాలో మరో 14 పేర్లు కలిసిపోయాయి. బయట ఎక్కడా ప్రకటన వెలువడలేదు. ఆ 14 మందీ యుద్ధం తర్వాత విజేత దేశాలు నడిపిన టోక్యో అంతర్జాతీయ సైనిక ట్రైబ్యునల్ ముందు ‘ఏ’ శ్రేణి యుద్ధ నేరస్థులుగా, అంటే దురాక్రమణ యుద్ధానికి పథకం వేసి నడిపారన్న అభియోగం మీద, నిలబడినవారు. వారిలో ఏడుగురిని 1948 డిసెంబర్ 23న సుగామో జైలులో ఉరితీశారు, ఐదుగురు శిక్ష అనుభవిస్తూ చనిపోయారు, మిగిలిన ఇద్దరు తీర్పు రాకముందే కన్నుమూశారు. మందిరం రికార్డుల్లో వీరికి నేరస్థులన్న మాట లేదు, ‘షోవా కాలపు అమరులు’ అని ఉంటుంది. ఈ సంగతి పత్రికల ద్వారా జపాన్ ప్రజలకు తెలిసింది ఆరు నెలల తర్వాత, 1979 ఏప్రిల్ 19న.

అయితే ఆ పేర్లు ఆ ఏడాదే మందిరానికి చేరలేదు. యుద్ధం తర్వాత మతాన్నీ ప్రభుత్వాన్నీ రాజ్యాంగం విడదీసింది, యాసుకుని ఒక ప్రైవేటు మత సంస్థగా మారింది. అయినా ఎవరెవరు ప్రతిష్ఠకు అర్హులో తెలిపే నామపత్రాలను పంపుతూ వచ్చింది ఆరోగ్య, సంక్షేమ మంత్రిత్వ శాఖే. 1950ల్లో పింఛను చట్టాలను సవరించి, యుద్ధ నేరస్థులుగా శిక్షపడి చనిపోయినవారి కుటుంబాలకు కూడా సాయం అందేలా చేశారు. వారి మరణాలను ‘న్యాయ విధిలో మరణం’ అన్న పదంతో నమోదు చేశారు. కింది శ్రేణి నేరస్థుల పేర్లు 1959 నుంచే మందిరంలోకి వెళ్లాయి. 1966లో ‘ఏ’ శ్రేణి వారి పత్రాలూ వచ్చాయి. వారిని చేర్చవచ్చునని, కాని బయటికి చెప్పకూడదని 1969లోనే అధికారులకూ మందిరానికీ మధ్య అంగీకారం కుదిరినట్టు 2007లో బయటపడిన పత్రాలు చూపించాయి. 1970లో మందిర ప్రతినిధుల సభ కూడా సరేనంది, ముహూర్తం మాత్రం ప్రధాన పూజారికి వదిలింది.

ఆ ప్రధాన పూజారి పేరు ఫుజిమారో త్సుకుబా. రాజవంశంలో పుట్టి, తర్వాత రాచహోదా వదులుకుని, 1946 నుంచి 32 ఏళ్లపాటు మందిరాన్ని నడిపిన మనిషి. ఆయన కాదనలేదు, ఔననీ అనలేదు, పత్రాలను అలాగే ఉంచేశారు. ప్రతినిధుల సభ అనుమతి ఇచ్చాక కూడా ఎనిమిదేళ్లపాటు, 1978 మార్చిలో చనిపోయేవరకు, ఆ పేర్లను గ్రంథంలోకి రానివ్వలేదు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం ఆయన మౌనంగా చేసిన ఈ వాయిదాయే. అది ఉన్నంతకాలం ప్రధానులు యాసుకునికి వెళ్లారు, చక్రవర్తి వెళ్లారు, చైనాతో 1972లో దౌత్య సంబంధాలు కుదిరాయి, మందిరం పేరు రెండు దేశాల మధ్య గొడవగా మారలేదు.

త్సుకుబా తర్వాత జులైలో వచ్చిన నగయోషి మత్సుదైరా పూర్వం నౌకాదళ అధికారి, యుద్ధం తర్వాత ఆత్మరక్షణ దళంలో పనిచేసినవారు. ఆయన మామగారు వైస్ అడ్మిరల్ తదషిగే దైగోను డచ్చివారు యుద్ధ నేరస్థుడిగా 1947లో కాల్చిచంపారు. తప్పంతా జపాన్‌దేనన్న టోక్యో తీర్పు దృష్టిని తిరస్కరించనిదే దేశం ఆత్మబలం తిరిగి నిలబడదన్నది మత్సుదైరా నమ్మకం, ఆ మాటను తర్వాత ఆయనే రాసుకున్నారు. అంటే ఆ 14 పేర్లు చేర్చడం ఆయన ఉద్దేశంలోనే తీర్పును తిరగరాయడం. పొరుగు దేశాలు అపార్థం చేసుకున్నాయనే వాదన అందుకే నిలవదు. చేసినాయన చెప్పిన అర్థాన్నే వారూ తీసుకున్నారు.

ఇంతకీ ఆ పేర్లు ఎవరివి? ఇవానే మత్సుయి 1937 డిసెంబర్ 13న నాంజింగ్‌ను పట్టుకున్న సైన్యానికి అధిపతి. తర్వాత ఆరు వారాల్లో అక్కడ చంపబడిన పౌరులు, యుద్ధఖైదీలు రెండు లక్షలకు పైమాటేనని ట్రైబ్యునల్ లెక్కగట్టింది, చైనా మూడు లక్షలంటుంది. అప్పటి విదేశాంగ మంత్రి కోకి హిరోటాకు నాంజింగ్‌లో జరుగుతున్నది ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉన్నా ఆపించడానికి పట్టుబట్టలేదని తీర్పు చెప్పింది. 1945 ఫిబ్రవరి, మార్చిలలో మనీలాలో సుమారు లక్షమంది పౌరులు ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడు ఫిలిప్పీన్స్‌లోని జపాన్ సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అకిరా ముటో.

మనవైపు పెద్దగా చర్చకు రాని సంగతి మరొకటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజున ఆ దేశ నౌకాదళ జనరల్ స్టాఫ్ అధిపతిగా ఉన్న ఒసామి నగానో ఆ 14 మందిలో ఒకరు. 1944 జనవరి 30న అండమాన్‌లోని హంఫ్రీగంజ్ దగ్గర 44 మంది భారతీయులను వరుసగా నిలబెట్టి కాల్చినప్పుడు కూడా ఆయనే ఆ పదవిలో ఉన్నారు.

హిడెకి టోజో, హేతారో కిమురాల పేర్లు సయాం (నేటి థాయ్‌లాండ్)–బర్మా రైలుమార్గంతో ముడిపడి ఉన్నాయి. 1942–43లో అడవులూ కొండలూ తొలిచి 415 కిలోమీటర్ల మేర వేసిన ఆ మార్గానికి యుద్ధఖైదీలను వాడేందుకు యుద్ధ మంత్రిత్వ శాఖ అనుమతించినప్పుడు టోజో మంత్రి, కిమురా ఉపమంత్రి. అక్కడ చనిపోయిన మిత్రపక్షాల ఖైదీలు 12 వేలకు పైగా. ఖైదీలు చాలకపోవడంతో ఆసియా దేశాల నుంచి తోలుకెళ్లిన కూలీల మరణాలు 90 వేల వరకు ఉంటాయని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి వెళ్లిన భారతీయుల్లో తమిళులు అత్యధికులు, వారితోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మూడు నెలల పని, మంచి కూలి అని మొదట ఆశచూపారు. ఆశకు లొంగేవారు కరువయ్యాక, ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి తలుపులు మూసి, హాల్లో ఉన్నవారిని ఉన్నట్టే తరలించిన ఉదంతాలను బతికి తిరిగొచ్చినవారు చెప్పారు. 1943 వానల్లో కలరా సోకినప్పుడు ఖైదీల శిబిరాల్లో కనీసం వారి సొంత సైనిక వైద్యులున్నారు, కూలీల గుడిసెల్లో ఎవరూ లేరు. ఆ మార్గం మీదున్న థాయ్‌లాండ్ పట్టణం కాంచనబురిలో ఖైదీలకు పేరు, వయసు, రెజిమెంటు చెక్కిన ఫలకాలతో చక్కని శ్మశానవాటిక ఉంది. కూలీల్లో ఎక్కువమందికి పేరు రాసిన పలక కూడా లేదు.

ఇక చక్రవర్తి విషయం. హిరోహితో యుద్ధం తర్వాత ఎనిమిదిసార్లు యాసుకునికి వెళ్లారు, చివరిసారి 1975 నవంబర్ 21న. ఆ తర్వాత 1989లో చనిపోయేదాకా ఆయన, ఆపై ఆయన కుమారుడు, మనవడు చక్రవర్తులుగా అక్కడ అడుగుపెట్టలేదు. ఏటా రెండు ఉత్సవాలకూ దూత మాత్రం వెళ్తారు. మందిరం పక్షాన ఉన్నవారు దీనికి వేరే కారణం చెబుతారు: 1975లో ప్రధాని టకేయో మికీ ‘వ్యక్తిగత హోదాలో’ వెళ్లడంతో చట్టబద్ధత మీద పార్లమెంటులో రేగిన చర్చే చక్రవర్తిని ఆపిందంటారు. తేదీలు చూస్తే ఆ వాదనకు కొంత బలముంది, ఎందుకంటే చివరి సందర్శనకూ ప్రతిష్ఠకూ మధ్య మూడేళ్ల దూరం ఉంది.

అయితే 2006 జులై 20న నిక్కెయి పత్రిక బయటపెట్టిన ఒక నోటు పుస్తకం ఆ బలాన్ని చాలావరకు తీసేసింది. చక్రవర్తి కార్యాలయ అధిపతి తొమోహికో తొమితా 1988 ఏప్రిల్ 28న హిరోహితో మాటలను రాసి అంటించుకున్న కాగితం అది. ‘ఏ’ శ్రేణి వారిని, అందులోనూ హిట్లర్, ముస్సోలినీలతో పొత్తుకు పాటుపడిన మత్సువోకా, షిరతోరిలను కూడా చేర్చారనీ, త్సుకుబా జాగ్రత్తగా వ్యవహరించారని విన్నాననీ, తన రాజగృహ వ్యవహారాలు చూసిన పాత మత్సుదైరా (పూజారి నగయోషి తండ్రి) శాంతిని గట్టిగా కోరుకున్నవాడనీ, తండ్రి మనసు కొడుక్కి అర్థం కాలేదనీ, అందుకే తాను ఆ తర్వాత వెళ్లలేదనీ, అదే తన మనసనీ అందులో ఉంది. చక్రవర్తి పరిచారకుడు రియోగో ఉరాబే డైరీ కూడా ఇదే కారణాన్ని చెప్పింది. ఏ చక్రవర్తి పేరిట ఆ యుద్ధమంతా సాగిందో, ఎవరిని ట్రైబ్యునల్ బోనెక్కించకుండా వదిలిందో, ఆయనే ఆ గడప తొక్కడం మానేశారంటే, అభ్యంతరం చైనా రాజకీయం నుంచే పుట్టిందని ఎలా అనగలం?

చైనా నిరసన తీవ్రమైంది 1985లో, యసుహిరో నకసోనే ఆగస్టు 15న ప్రధాని హోదాలో అధికారికంగా వెళ్లినప్పుడు. మరుసటి ఏడాది ఆయన ఆగిపోయారు. జునిచిరో కొయిజుమి 2001–2006 మధ్య ఆరుసార్లు, షింజో అబే 2013 డిసెంబర్ 26న ఒకసారి వెళ్లారు. అబే సందర్శనకు అమెరికా కూడా నిరాశ వ్యక్తం చేసింది. అప్పటి నుంచి ప్రధానులు కానుకలతో సరిపెడుతున్నారు.

ఆ 14 పేర్లను విడదీసి వేరేచోటికి తరలించాలన్న ప్రతిపాదన పాలకపక్ష నాయకుల నుంచే పలుమార్లు వచ్చింది. ఒకసారి కలిసిపోయిన ఆత్మలను వేరుచేయడం తమ మతంలో సాధ్యం కాదని మందిరం చెబుతుంది. విజేతలు నడిపిన విచారణను తాము అంగీకరించాల్సిన అవసరం లేదనీ, స్వదేశీ చట్టం ప్రకారం వారు నేరస్థులు కారనీ సమర్థకులు అంటారు. కలిసిపోయిన పేర్లను విడదీయడం కుదరదన్న సమాధానమే కొరియన్లకు కూడా ఎదురైంది. వలసపాలనలో సైన్యంలోకి తీసుకెళ్లిన కొరియన్లు సుమారు 21 వేలమంది, తైవానీయులు సుమారు 28 వేలమంది పేర్లు కుటుంబాలను అడగకుండా ఆ గ్రంథంలో ఎక్కాయి, కొరియన్ల పేర్లు చాలావరకు అప్పట్లో వారిమీద రుద్దిన జపాన్ పేర్లతోనే ఉన్నాయి. బతికి ఇంటికి చేరిన ఒక కొరియన్ పేరు కూడా అందులో ఉందని తర్వాత తేలింది. తమవారి పేర్లు తీసేయమని కొరియన్ కుటుంబాలు వేసిన దావాను గడువు దాటిందన్న కారణంతో జపాన్ సుప్రీంకోర్టు 2025 జనవరిలో కొట్టేసింది. తండ్రి పేరును తనకు తిరిగి ఇవ్వమని కొడుకు అడిగితే కుదరదనే నియమం ఎంత పవిత్రమైనదో నాకు అర్థం కావడం లేదు.

భారతదేశం ప్రస్తావన యాసుకునిలో ఒకచోట ఘనంగా కనిపిస్తుంది. ట్రైబ్యునల్‌లో నిందితులందరినీ నిర్దోషులన్న ఏకైక న్యాయమూర్తి రాధాబినోద్ పాల్‌కు 2005లో అక్కడ స్మారకం కట్టారు. ఆయన తీర్పు చట్టం మీద, విజేతల హక్కు మీద నడిచింది. అదే తీర్పులో నాంజింగ్‌లోనూ ఇతరచోట్లా జపాన్ సైనికులు దారుణాలు చేశారనడానికి సాక్ష్యం తిరుగులేనిదని కూడా ఆయన రాశారు. స్మారకం దగ్గర నిలబడి ఫొటోలు తీసుకునే మనవాళ్లు ఆ రెండో మాటను కూడా చదవాలి.

త్సుకుబా కట్టించినది ఒకటి ఇంకా ఆ ప్రాంగణంలోనే ఉంది. 1965లో, ప్రధాన మందిరం పక్కన చెట్ల నీడలో, చిన్‌రేషా అనే చిన్న చెక్క గుడిని ఆయన నిలబెట్టారు. యాసుకునిలో చోటులేని జపనీయుల కోసం ఒక పీఠం, ఏ దేశంవారైనా సరే యుద్ధాల్లో చనిపోయిన అందరి కోసం మరో పీఠం. నాంజింగ్ పౌరులైనా, మనీలా పౌరులైనా, హంఫ్రీగంజ్‌లో నేలకొరిగిన 44 మంది అయినా, మలయా తోటల నుంచి రైలుమార్గానికి వెళ్లి రాని తెలుగు కూలీ అయినా, ఆయన ఉద్దేశం ప్రకారం ఆ రెండో పీఠానికి చెందినవారే. తర్వాత దాని చుట్టూ ఇనుప కంచె వేశారు. 2006 అక్టోబరు దాకా సందర్శకులను అటు వెళ్లనివ్వలేదు.