అసిటోన్‌లో వెలుగు తగ్గితే లోహానిదే తప్పా? లాంథనైడ్ ఎంఓఎఫ్‌లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: అసిటోన్ కలపగానే యూరోపియం ఎంఓఎఫ్ (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన, రంధ్రాలున్న చట్రం) వెలుగు పడిపోయిందంటే, అది రంధ్రాల్లోకి వెళ్లి లోహాన్ని పట్టుకున్నట్టే.

వాస్తవం: వెలుగు మార్పుతో ద్రావణులను గుర్తించే సెన్సర్ల పరిశోధనా పత్రాల్లో నాకు పదేపదే కనిపించే తొందరపాటు ఇదే. యూరోపియం, టెర్బియం లాంటి లాంథనైడ్ అయాన్లు కాంతిని నేరుగా గ్రహించడంలో చాలా బలహీనం. అతినీలలోహిత కాంతిని లైగాండ్ (లోహానికి అతుక్కున్న సేంద్రియ అణువు) గ్రహించి, ఆ శక్తిని అయానుకు అందిస్తుంది. అసిటోన్ కూడా 220 నుంచి 330 నానోమీటర్ల వరకు కాంతిని పీల్చుకుంటుంది. మీరు 300 దగ్గర ఉత్తేజపరుస్తుంటే, లైగాండ్‌కు అందాల్సిన కాంతిని అసిటోన్ దారిలోనే మింగేస్తుంది. నైట్రోబెంజీన్ సంగతీ అంతే. ముందు ద్రావణి శోషణ వర్ణపటం గీయండి, తర్వాత సందీప్తి జీవితకాలం (ఉత్తేజం ఆపాక వెలుగు ఎంతసేపు నిలుస్తుందో) కొలవండి. తీవ్రత తగ్గినా జీవితకాలం మారలేదంటే, అయాను దగ్గర ఏమీ జరగలేదు. అప్పుడు మిగిలే అనుమానాలు రెండు: కాంతి దారిలో పోయిందా, లేక లైగాండ్ ఉత్తేజిత స్థితినే ద్రావణి చల్లార్చిందా? యూరోపియాన్ని 394 నానోమీటర్ల వద్ద నేరుగా ఉత్తేజపరిస్తే ఆ రెండింటి ప్రమేయం లేకుండా అయాను స్థితి తెలుస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, ఓపిక పట్టాలి.

అపోహ: నీరు వెలుగును ఆర్పేది దాని ధ్రువత వల్ల.

వాస్తవం: అసలు కారణం ఓ-హెచ్ బంధ కంపనం. దాని తరంగసంఖ్య సెంటీమీటరుకు సుమారు 3,400. యూరోపియంలో దాటాల్సిన శక్తి అంతరం అదే కొలమానంలో దాదాపు 12,000 కాబట్టి మూడు నాలుగు కంపనాలతో శక్తి వేడిగా మారిపోతుంది. టెర్బియంలో అంతరం 14,800 దాకా ఉండటంతో దెబ్బ తక్కువ. భారజలంలో ఓ-డి (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న బంధం) కంపనం 2,500 దగ్గరే ఉండటంతో ఆర్పడం బాగా నెమ్మదిస్తుంది. ఈ తేడా ఆధారంగానే 1979లో హారక్స్, సడ్నిక్ అయానుకు అంటుకున్న నీటి అణువుల సంఖ్యను లెక్కగట్టారు. మెథనాల్, ఇథనాల్‌లలోనూ ఓ-హెచ్ ఉంటుంది. డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్) అనే ద్రావణిలో ఉండదు. అందుకే అది లోహం పక్కనున్న నీటిని తొలగించగలిగితే వెలుగు పెరుగుతుంది.

అపోహ: ద్రావణి మారితే అయాను వెలువరించే రంగు జరుగుతుంది.

వాస్తవం: సేంద్రియ రంగుల్లో జరుగుతుంది, ఇక్కడ దాదాపు జరగదు. వెలుగునిచ్చే లోపలి 4ఎఫ్ ఎలక్ట్రాన్లను బయటి 5ఎస్, 5పి ఎలక్ట్రాన్లు పరిసరాల నుంచి కాపాడతాయి. మారేది యూరోపియం వెలుగులోని 615, 592 నానోమీటర్ల శిఖరాల నిష్పత్తి. అయాను చుట్టూ సౌష్ఠవం ఎంత చెదిరిందో అది చెబుతుంది.

అపోహ: పొడిని ద్రావణిలో కలిపి కొలిస్తే సరిపోతుంది.

వాస్తవం: కణాలు అడుగుకు దిగుతుంటే ప్రతి కొలతకూ సంఖ్య మారుతుంది. చట్రమే కరిగిపోతుండవచ్చు కూడా. కొలత అయ్యాక పొడిని వడకట్టి ఎక్స్-రే వివర్తనంతో చట్రం చెక్కుచెదరలేదని చూడకుండా “సెన్సర్” అని రాయకండి.